"ట్రోల్" అనే మాట రాక్షసుడి నుంచి వచ్చిందా, గాలం నుంచి వచ్చిందా?

పల్నాటి_పాఠకుడు
ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో సామాజిక మాధ్యమాల మీద వ్యాసం చదివాను. నార్వే జానపద కథల్లో వంతెన కింద నక్కి ఉండే రాక్షసుడిని ట్రోల్ అంటారని, ఇంటర్నెట్‌లో మాటున ఉండి ఎదుటివారిని రెచ్చగొట్టేవారికి ఆ పేరే వచ్చిందని అందులో రాశారు. మా అబ్బాయి మాత్రం అది చేపల వేటకు సంబంధించిన మాట అంటున్నాడు. ఎవరిది నిజమో తెలిసినవారు చెప్పగలరు.

దీనితోపాటు నాకొక ఫిర్యాదు కూడా ఉంది. ఒక నటి కట్టుకున్న చీర బాగాలేదని నలుగురు అంటే ట్రోల్, ఒక మంత్రి అంకె తప్పు చదివితే ట్రోల్, ఒక క్రికెటర్ క్యాచ్ వదిలేస్తే ట్రోల్. రెచ్చగొట్టడం, వెక్కిరించడం, బూతులు తిట్టడం, న్యాయంగా తప్పుపట్టడం అనే నాలుగు వేర్వేరు పనులకు మన పత్రికలు ఒకే మాటతో సరిపెట్టుకుంటున్నాయి.

నిశాచరి77
ఇందులో సందేహం ఏముంది, రాక్షసుడే. పళ్లన్నీ బయటపెట్టి ఇకిలించే ఆ ట్రోల్‌ఫేస్ బొమ్మను చూస్తే ఎవరికైనా గాలం గుర్తుకు వస్తుందా?

యూజ్‌నెట్_తాత
ఆ బొమ్మ గీసింది 2008లో. మాట 1990ల తొలినాళ్ల నుంచే వాడుకలో ఉంది కనుక బొమ్మ సాక్ష్యం చెల్లదు. పాఠకుడు గారి అబ్బాయి చెప్పినదే సరైనది.

వెబ్ కంటే ముందు యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థ ఉండేది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో దానికి రూపకల్పన చేశారు. అందులో ఆల్ట్.ఫోక్‌లోర్.అర్బన్ అనే గుంపు ఒకటి, "మా స్నేహితుడి స్నేహితుడికి జరిగింది" అంటూ ఊరూరా తిరిగే కట్టుకథల నిజానిజాలు తేల్చడానికి ఏర్పడింది. పాత చర్చిల కిటికీ అద్దాలు అడుగు భాగంలో మందంగా ఉంటాయి కాబట్టి గాజు అనేది అతి నెమ్మదిగా జారే ద్రవమే కదా అనే వాదన అలాంటి కథల్లో ఒకటి. గాజు మామూలు వేడిమి దగ్గర అలా జారదని, పాత పద్ధతిలో తయారైన పలకల మందం మొదటి నుంచీ హెచ్చుతగ్గులుగానే ఉండేదని అక్కడి పాతకాపులు ఎప్పుడో తేల్చేశారు. అయినా కొత్తగా చేరిన ప్రతివారూ అదేదో తామే కనిపెట్టినట్టు దానిని మళ్లీ తెచ్చేవారు.

ఆ విసుగులోంచి ఒక ఆట పుట్టింది. పాతకాపుల్లో ఒకరు ఏమీ ఎరగనట్టు ఆ అరిగిపోయిన ప్రశ్ననే మళ్లీ వేసేవారు, లేదా ఎవరికైనా ఇట్టే కనిపించే తప్పును కావాలని చొప్పించి రాసేవారు. పాతవారు రాసినవారి పేరు చూడగానే సంగతి గ్రహించి ఊరుకునేవారు, కొత్తవారు మాత్రం పూనకం వచ్చినట్టు పేజీలకు పేజీలు సవరణలు రాసేవారు. ఈ ఆటను "ట్రోలింగ్ ఫర్ న్యూబీస్" అన్నారు, అంటే కొత్తవారి కోసం గాలం లాగడం. ఎర మింగినవారికి చివరన "వై.హెచ్.బి.టి., వై.హెచ్.ఎల్., హెచ్.ఎ.ఎన్.డి." అని పొడి అక్షరాల జవాబు వచ్చేది. మీరు గాలానికి చిక్కారు, ఓడిపోయారు, ఈ రోజు మీకు హాయిగా గడుచుగాక అని దాని భావం. ఈ ఆటలో ఆరితేరినవారిలో ఒకరైన డేవిడ్ మికెల్‌సన్ ఆ తరువాత పుకార్ల గుట్టు విప్పే స్నోప్స్ సైటును ప్రారంభించడం తమాషా అయిన విషయం.

ఆధారమేది
చాలా ఆసక్తికరంగా ఉంది. అయితే ఈ మాటకు నిఘంటువుల్లో ఏదైనా తేదీతో కూడిన ఆధారం ఉన్నదా? దయచేసి తెలియజేయగలరు.

యూజ్‌నెట్_తాత
ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు ఈ అర్థానికి చూపిన తొలి ఉదాహరణ 1992 నాటిది. అది కూడా నేను పైన చెప్పిన గుంపులోని ఉత్తరంలోనిదే.

ఆధారమేది
కృతజ్ఞతలు. అంతకు ముందు ఎవరూ వాడలేదని మాత్రం ఎలా చెప్పగలం?

యూజ్‌నెట్_తాత
చెప్పలేము. నిఘంటువులో ఉండేది దొరికినవాటిలో పాతది, పుట్టినవాటిలో మొదటిది కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా నౌకాదళ విమాన చోదకులు శత్రువుల మిగ్ విమానాలను బయటికి రప్పించడానికి ఎరగా ఎగరడాన్ని "ట్రోలింగ్ ఫర్ మిగ్స్" అనేవారు. రెచ్చగొట్టి రప్పించడం అనే అర్థం ఇంటర్నెట్ కంటే ముందే సిద్ధంగా ఉందనడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

ఆధారమేది
ఆ చోదకులలో ఎవరైనా తరువాత యూజ్‌నెట్‌లో చేరారా అనే విషయం మీద ఏదైనా పరిశోధన ఉన్నదా? మర్యాదపూర్వకంగానే అడుగుతున్నాను.

సికింద్రాబాద్_సిరి
ఆధారమేది గారు చేస్తున్న పనికి కూడా ఇంటర్నెట్‌లో ఒక పేరుంది. అతి మర్యాదగా, అలుపు లేకుండా, ప్రతి జవాబుకూ మరో రుజువు అడుగుతూ ఎదుటివారి ఓపికను హరించడాన్ని సీలయనింగ్ అంటారు. 2014లో వచ్చిన వండర్‌మార్క్ అనే వెబ్ కామిక్‌లో ఒక సముద్ర సింహం (సీ లయన్) ఒక జంటను వెంబడించి, చివరికి వారి పడకగదిలోకి కూడా వచ్చి, తనను గురించి వారన్న మాటకు రుజువు చూపమని అడుగుతుంది. ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఆధారమేది
నేను నిజంగానే తెలుసుకోవడానికి అడిగాను.

సికింద్రాబాద్_సిరి
ఆ సముద్ర సింహం కూడా ఇంచుమించు ఇలాగే అంటుందండీ.

విశాఖ_తీరవాసి
చేపల సంగతి వచ్చింది కాబట్టి ఒక తికమకను ముందే తొలగించాలి. మన హార్బరులో కనిపించే ట్రాలర్లకూ ఈ మాటకూ సంబంధం లేదు. ట్రాలర్ పెద్ద సంచి వలను సముద్రపు అడుగున ఈడుస్తూ దారికి అడ్డమొచ్చిన దానినల్లా ఊడ్చుకుపోతుంది. దాని పేరు ట్రాలింగ్. ట్రోలింగ్ అంటే వల లేకుండా, కదిలే పడవ వెనక గాలపు తాళ్లను వదిలి లాక్కుంటూ పోవడం.

ఈ తేడా తెలిస్తే పాతకాపుల ఆటకు ఆ పేరు ఎంత అతికిందో అర్థమవుతుంది. గట్టున కూర్చుని వేసిన గాలంలో ఎర ఒకచోట ఉంటుంది, ఆకలైన చేప వచ్చి కొరుకుతుంది. పడవ వెనక లాగే గాలంలో ఎర పారిపోతున్న చిన్న చేపలా కదులుతూ తళుక్కుమంటుంది. చాలాసార్లు అక్కడ తినడానికి ఏమీ ఉండదు, మెరిసే రేకు ముక్కో రంగు పీచో కట్టి ఉంటుంది. వంజరం, సూర లాంటి వేటాడే చేపలకు కదిలేదానిని చూస్తే ఆగదు, వెంటబడి అందుకుంటాయి. అవి ఆకలితోనే కొరుకుతాయని కూడా చెప్పలేము. తప్పు కనిపించగానే సరిదిద్దకుండా ఉండలేని మనుషుల స్వభావం అచ్చంగా అదే.

గోదారి_గట్టు
తీరవాసి గారి చివరి వాక్యం నన్ను ఉద్దేశించినట్టుగా ఉంది. అభ్యంతరం లేదు.

నిశాచరి77
అలాగైతే మాట ఆంగ్లంలోకి నార్వే నుంచి రాలేదా? రెండూ ఒకే అక్షరాలతో ఉన్నాయి కదా.

యూజ్‌నెట్_తాత
అక్షరాలు ఒకటే, వంశాలు వేరు. రాక్షసుడి పేరు స్కాండినేవియా భాషల నుంచి వచ్చింది. తిరగడం, దొర్లడం అనే అర్థాలలో ఆంగ్ల క్రియ మధ్యయుగం నుంచీ ఉంది. వేటకుక్కలు జంతువు కోసం వెతుకుతూ తిరగడాన్ని చెప్పే పాత ఫ్రెంచి మాటతో నిఘంటుకారులు దానిని ముడిపెడతారు. చేపల వేట అర్థం ఈ క్రియ వైపుదే.

సికింద్రాబాద్_సిరి
తాతగారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవించలేను. పుట్టుక గాలమే కావచ్చు, పెంచింది మాత్రం రాక్షసుడే. మొదట్లో ట్రోల్ అంటే ఎరగా వేసిన ఉత్తరం. మనిషిని ట్రోల్ అనడం కొంత ఆలస్యంగా బలపడింది. గాలం వేసేవాడిని గాలం అని ఎవరూ అనరు కదా. మనిషికి ఆ పేరు అతుక్కోవడానికి, వంతెన దాటే మేకలను బెదిరించే రాక్షసుడి కథ ఆంగ్ల పాఠకులకు చిన్నప్పటి నుంచీ తెలిసి ఉండటమే కారణమని నా అభిప్రాయం. ఆస్‌బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు నార్వే పండితులు 1840లలో ప్రచురించిన జానపద కథల్లో అది ఒకటి.

నా వాదనకు ముఖ్య సాక్ష్యం "ట్రోల్‌లకు మేత వేయకండి" అనే హెచ్చరిక. వేట అర్థంలో చూస్తే ఆ వాక్యం తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే గాలంతో వచ్చినవాడు చేపకు మేత వేస్తాడు తప్ప చేప వాడికి మేత వేయదు. ఆ హెచ్చరిక స్థిరపడిందంటే అప్పటికే జనం మనసులో గాలం పోయి నోరు తెరుచుకున్న జంతువు వచ్చి కూర్చుందన్నమాట.

యూజ్‌నెట్_తాత
మేత వాక్యం గురించి చెప్పినది బాగుంది. దానికి ఎదురు చెప్పను. అయితే మార్పుకు అసలు కారణం కథల పుస్తకం కాదు, జనసంఖ్య. ఏటా సెప్టెంబరులో అమెరికా కళాశాలల్లో చేరే విద్యార్థులకు కొత్తగా యూజ్‌నెట్ అందేది. ఆ నెలంతా గోల ఉండేది, తరువాత వారికి పద్ధతులు అలవడి సద్దుమణిగేది. ఆ తరువాత ఇంటర్నెట్ సేవలు అమ్మే ఎ.ఓ.ఎల్. వంటి వ్యాపార సంస్థల చందాదారులందరూ రావడం మొదలయ్యేసరికి ఆ రాకకు అంతు లేకుండా పోయింది. అందుకే 1993ను ముగియని సెప్టెంబరు మొదలైన ఏడాదిగా చెప్పుకుంటారు. పాతకాపులు గుప్పెడుమంది, కొత్తవారు వేలమంది అయినప్పుడు, పేరు చూసి నవ్వుకునేవారు ఎక్కడ మిగులుతారు? పాతవారికి హాస్యంగానూ కొత్తవారికి ఎరగానూ ఏకకాలంలో పనిచేయడమే మంచి ట్రోల్ లక్షణం. ఒక పక్షం కరిగిపోయాక మిగిలింది మనుషులను ఏడిపించడమే.

అదే 1993లో ఆల్ట్.టేస్ట్‌లెస్ అనే గుంపువారు పిల్లుల పెంపకందారులుండే రెక్.పెట్స్.క్యాట్స్ మీద పడ్డారు. మా పిల్లితో ఇలాంటి ఇబ్బంది ఉంది, ఏం చేయమంటారు అని అమాయకంగా అడిగి, క్రమంగా జుగుప్స కలిగించే సలహాలు తామే రాస్తూ పోయారు. పిల్లుల యజమానులు నిజంగానే భయపడ్డారు. గాజు ప్రశ్నకూ దీనికీ మధ్య దూరం చూడండి.

డల్లాస్_దొర
మన వాళ్ల సంగతి కూడా చెప్పాలి. తొంభైలలో అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులకు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే యూజ్‌నెట్ గుంపు ఉండేది. తెలుగు లిపి తెర మీదికి రాని రోజులు కావడంతో, రైస్ విశ్వవిద్యాలయంలోని మనవారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాలతో రాసుకునేవాళ్లం. పద్యాల మీద, వ్యాకరణం మీద గొప్ప చర్చలు జరిగేవి. చర్చ చప్పబడినప్పుడు ఎవరో ఒకరు "అసలైన తెలుగు ఏ జిల్లాది?" అని ఒక్క వాక్యం రాసి పక్కకు తప్పుకునేవారు. వారం తరువాత వచ్చి చూస్తే తాతముత్తాతల ఊర్లు, ఇంటిపేర్లు, నిజాం పాలన, నన్నయ, అన్నీ బయటికి వచ్చి ఉండేవి. అడిగిన మనిషి మాత్రం ఎక్కడా కనిపించేవారు కాదు.

గోదారి_గట్టు
ఇప్పుడు అంత కష్టం కూడా అక్కరలేదు. ఆవకాయలో వెల్లుల్లి వేయకూడదని రాస్తే చాలు.

ఒంగోలు_అత్తమ్మ
వెల్లుల్లి లేని ఆవకాయ ఆవకాయ ఎలా అవుతుందండీ? ఆ వాసనే కదా దానికి అందం. పూజల వాళ్లు వేసుకోరు, అది వేరే సంగతి, అంతమాత్రాన వేయకూడదని ఎవరు చెప్పారు?

విశాఖ_తీరవాసి
వంజరం పడింది.

ఒంగోలు_అత్తమ్మ
పడితే పడ్డాను, వెల్లుల్లి మాత్రం వేయాల్సిందే.

గోదారి_గట్టు
తెలుగు బ్లాగుల కాలంలో ఈ పనిని కెలకడం అనేవాళ్లం. బ్లాగుల టపాలన్నీ ఒకచోట చూపే కూడలి, జల్లెడ వంటి సంకలినుల్లో ఒక టపా వింతగా, కోపం తెప్పించేలా కనిపిస్తే, "ఈయన కెలుకుతున్నారు, ఎవరూ వ్యాఖ్య రాయకండి" అని చెప్పుకునేవాళ్లం. ఆ హెచ్చరిక కిందనే ఎనభై వ్యాఖ్యలు ఉండేవి. ఫేస్‌బుక్ వచ్చాక బ్రహ్మానందం ముఖంతో వెక్కిరించే పేజీలు ట్రోల్ అనే పేరును తగిలించుకున్నాయి, కెలుకుడు మూలకు పోయింది. నా మటుకు నాకు ఆ పేజీలు చేసేది ట్రోలింగ్ కాదు, పగటి వేషగాళ్లు ఊరిపెద్దలను అనుకరించి నవ్వించే పనే అది. అక్కడ ఎవరికీ ఎర వేయరు, ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడరు.

డెస్కులో_ముప్పైఏళ్లు
పత్రికల మీద వచ్చిన ఫిర్యాదుకు ఆ పని చేసినవాడిగా జవాబు చెబుతాను. సింగిల్ కాలమ్ వార్తకు శీర్షిక పెట్టేటప్పుడు వరుసకు ఏడెనిమిది అక్షరాలకు మించి పట్టవు. "నెటిజన్ల ఎగతాళి" అని రాస్తే రెండో వరుసలోకి దిగుతుంది, "వెల్లువెత్తిన విమర్శలు" అసలే పట్టదు. "ట్రోల్" రెండే అక్షరాలు. రాత్రి పేజీ వదలాల్సిన వేళకు అరిగిపోయినదైనా ఆ మాటే వేసి పంపిస్తాం.

అయితే వ్యాకరణం దగ్గర ఒక విశేషం గమనించాను. యూజ్‌నెట్_తాత గారు చెప్పిన తొలి ప్రయోగంలో "ఫలానా వారి కోసం" గాలం లాగుతారు. ఎవరు చిక్కుతారో లాగేవాడికి తెలియదు. నేటి వాడుకలో "ఫలానా వారిని" ట్రోల్ చేస్తారు. వేటగాడి చేతిలోని గాలం గురితప్పని బాణంగా మారింది. ఈ మార్పు మన పత్రికలు తెచ్చినది కాదు, ఆంగ్లంలోనే జరిగి మనదాకా వచ్చింది. 2008 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం మ్యాగజైన్ ట్రోల్‌ల మీద పెద్ద కథనం వేసేనాటికే ఆ మాటకు పీడించేవాడనే అర్థం పాతుకుపోయింది.

పల్నాటి_పాఠకుడు
డెస్కు గారి వివరణ సబబుగానే ఉంది, కానీ చోటు లేదని విమర్శకుడికి రౌడీ ముద్ర వేయడాన్ని ఒప్పుకోలేను. ఒక మంత్రి చెప్పిన అంకె తప్పని పత్రాలతో చూపినవారిని కూడా ట్రోలర్లు అంటే, ఆ మంత్రికి జవాబు చెప్పాల్సిన అవసరమే తప్పిపోతుంది. ఈ లాభం వారికి బాగా తెలుసు.

డెస్కులో_ముప్పైఏళ్లు
అది నిజం. వారి ప్రకటనల్లోనే ఆ మాట ఎక్కువగా వస్తుంది.

మంట_మాధవి
ట్రోల్ కంటే పెద్దదైన ఒక అక్కను అందరూ మరిచిపోయారు. ఫ్లేమ్ అనే మాట. స్టాన్‌ఫర్డ్‌లో 1975లో మొదలైన కంప్యూటర్ నిపుణుల పదకోశం 1983లో పుస్తకంగా కూడా వచ్చింది. అందులో ఫ్లేమ్ చేయడమంటే పెద్దగా ఆసక్తి లేని విషయం మీద ఆపకుండా, ఆవేశంగా మాట్లాడుతూ పోవడం. తిట్టడమనే అర్థం తరువాత పైకి వచ్చింది. అంటే మొదట్లో అది ఎదుటివారికి చేసే హాని కాదు, మాట్లాడేవారి జబ్బు. ఆ తరువాత ఫ్లేమ్ వార్, ఫ్లేమ్ బెయిట్ వచ్చాయి. బెయిట్ అంటే ఎరే కనుక, గాలం ఇక్కడ కూడా ఉంది.

నిశాచరి77
ఆసక్తి లేని విషయం మీద ఆపకుండా మాట్లాడటమంటే మా బాబాయి గారు ఫ్లేమింగ్‌కు ఆద్యులు.

సియోల్_విద్యార్థి
తాతగారి పక్షానికి బలం చేకూర్చే సంగతి ఒకటి ఉంది. జపాన్‌లో 2ఛానెల్ చర్చా వేదికలో అబద్ధపు కథ రాసి జనాన్ని రెచ్చగొట్టడాన్ని "త్సురి" అన్నారు, అంటే చేపలు పట్టడం. అక్షరాలతో గీసిన ఒక ఎలుగుబంటి బొమ్మ అక్కడ ప్రసిద్ధం. ఇలాంటి ఎరకు నేను పడతానా అంటూనే అది ఎర వైపు దూకుతూ ఉంటుంది. కొరియాలో "నక్షి" అంటారు, దానికీ చేపల వేట అనే అర్థం. నార్వే రాక్షసుడు ఎవరో అక్కరలేని దేశాల్లో కూడా అదే పోలిక స్థిరపడింది.

ఈమధ్య కొరియా కుర్రకారు నోట "అగ్రో" అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఆన్‌లైన్ ఆటల్లో రాక్షసుల దృష్టిని తనవైపు లాక్కోవడాన్ని అలా అంటారు. దాని నుంచి, గొడవ పెట్టి అందరి దృష్టినీ లాగడం అనే అర్థం వచ్చింది.

సికింద్రాబాద్_సిరి
అంటే అక్కడ రెచ్చిపోయిన జనమే రాక్షసులన్నమాట. మొత్తానికి నా రాక్షసుడు కొరియాలో బతికే ఉన్నాడు.

ఆధారమేది
ఆధారం అడగడం లేదు, ఒక సంగతి చేరుస్తున్నాను. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ పక్కకు తిరిగిన నవ్వు గుర్తును ప్రతిపాదించడానికి కారణం, అక్కడి చర్చా పలకలో వేళాకోళాన్ని కొందరు నిజమనుకోవడమే. 2005లో నేథన్ పో ఒక క్రైస్తవ చర్చా వేదికలో, నవ్వు గుర్తు లేకపోతే ఛాందసాన్ని వెక్కిరిస్తూ రాసినదానిని అసలు ఛాందసంగానే ఎవరో ఒకరు తీసుకుంటారని రాశాడు. ముఖం కనిపించని చోట గొంతు కూడా వినిపించదు కాబట్టే ట్రోల్ బతుకుతోంది. సిరి గారు నన్ను సముద్ర సింహంగా పొరబడటానికి కారణం కూడా అదే కావచ్చు.

సికింద్రాబాద్_సిరి
ఈ ఉత్తరానికి మాత్రం నమస్కారం. మిగతావాటి మీద తీర్పు వాయిదా వేస్తున్నాను.

మంట_మాధవి
కొత్త కబురు ఏమిటంటే, ఆక్స్‌ఫర్డ్ వారు 2025 సంవత్సరపు మాటగా "రేజ్ బెయిట్"ను ఎంచుకున్నారు. కోపం తెప్పించి, దానితో వీక్షణలు, వ్యాఖ్యలు పోగుచేసుకోవడానికి కావాలని తయారుచేసే సరుకు అది. వారు చూపిన తొలి ప్రయోగం 2002లో మళ్లీ యూజ్‌నెట్‌లోనే. వెనక నుంచి మరో కారు దారి ఇవ్వమని లైట్లు వేస్తే, ముందున్న డ్రైవరుకు వచ్చే ఒక రకం కోపం గురించి ఆ మాట వాడారు.

లారీ_లోకం
జాతీయ రహదారి మీద డిప్పర్ కొట్టిన ప్రతిసారీ నేను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు సేవ చేస్తున్నానని ఇన్నాళ్లూ తెలియలేదు. మా బండి వెనక రాత్రిపూట డిప్పర్ వాడమని పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది, అయినా వాడిన వాడిని చూసి కొందరు బ్రేకు వేసి మరీ సతాయిస్తారు.

యూజ్‌నెట్_తాత
రేజ్ బెయిట్‌ను ట్రోల్‌కు వారసుడని అనడం నాకు నచ్చదు. గాజు ప్రశ్న వేసిన మనిషికి దక్కేది నలుగురు పాత మిత్రుల నవ్వు మాత్రమే, అది కూడా తెలివిగా రాస్తేనే. కూర మాడబెట్టి, ఇదే మా ఊరి సంప్రదాయం అని వీడియో పెట్టే మనిషికి తెలివితో పని లేదు. చూసినవారు తిట్టినా పొగిడినా లెక్క ఒకటే, ఆ లెక్కను బట్టి డబ్బు వస్తుంది. ఎక్స్ సంస్థ 2023 నుంచి ప్రకటనల రాబడిలో వాటా పంచడం మొదలుపెట్టాక ఇది మరీ బాహాటమైంది.

విశాఖ_తీరవాసి
వేట తీరును బట్టి చూసినా అది వారసుడు కాదు. ఎవరు పడతారో చూసి ఆనందించే గాలం కాదది, దొరికినదానినల్లా తూకానికి వేసి అమ్ముకునే సంచి వల. దానికి నేను మొదట పక్కన పెట్టిన ట్రాలింగ్ అనే పేరే సరిపోతుంది.

మంట_మాధవి
పేరు ఒప్పుకుంటాను, కానీ పాత ఆటను మీరిద్దరూ మరీ సున్నితంగా చూపిస్తున్నారు. గాజు ప్రశ్నకు శ్రమపడి జవాబు రాసిన కొత్త విద్యార్థి వైపు నుంచి ఒకసారి చూడండి. తెలిసినంతలో సాయం చేద్దామని వచ్చిన మనిషికి దక్కింది పదకొండు పొడి అక్షరాల ఎగతాళి. అలా పోయినవారిలో ఎందరు తిరిగి వచ్చి ఉంటారు?

యూజ్‌నెట్_తాత
తిరిగి వచ్చినవారే మరుసటి ఏడాది గాజు ప్రశ్న వేశారు మాధవి గారూ.

ఒంగోలు_అత్తమ్మ
రానివారి సంగతి ఆవిడ అడుగుతున్నారు, దానికి జవాబు చెప్పండి.